ఇంటనుండి నాటకదర్శనము

క్రిందటి సంవత్సరము మా పాఠశాలలో పై తరగతుల బాలబాలికలు షేక్స్పియరు మహాకవి రచించిన ‘వెనిసు వర్తకుడు’ అను నాటకమును చదువుచుండిరి. ఆ నాటకమును 2015వ సంవత్సరమున లండను నగరమందలి గ్లోబు నాటకశాలలో ఆడినప్పుడు తీసిన చిత్రమొకటి కలదు. దానిని పిల్లలకు చూపవలెనని మేము తలచి, పాఠశాలలకు ఏర్పఱచిన పద్ధతిని రుసుము చెల్లించి, పెద్ద గదిలో తెల్లని తెర కట్టి, కిటికీలకు దుప్పట్లు వ్రేలాడదీసి, ఒక శనివారము సాయంకాలము అందఱమును కూర్చుంటిమి.

నాటకము ముగిసిన పిదప ఒక బాలిక లేచి, “అయ్యా, మనమిప్పుడు నాటకమును చూచితిమా? లేక నాటకముయొక్క బొమ్మను చూచితిమా?” అని అడిగెను. దానికి మేము సమాధానమాలోచించుచుండగనే మఱియొక బాలుడు, “ఇంత గొప్ప నటులు మన గదికే వచ్చుచుండగా, వార్షికోత్సవమునకు మనము రెండు నెలలు పాటుపడి నాటకమాడుట ఎందులకు? ఇట్టిదే యొకటి తెరమీద చూపిన చాలదా?” అనెను. పిల్లలు నవ్విరి గాని ఉపాధ్యాయులలో కొందఱు నవ్వలేదు. నాటకాభ్యాసమువలన చదువు కుంటుపడుచున్నదని వారు అంతకుముందే అనుచుండిరి. ఈ రీతిగా ఆ ప్రశ్న ఉపాధ్యాయుల సమావేశమునకు ఎక్కెను. దానిని తేల్చుటకై మేము చదివినదియు, చూచినదియు, ఆలోచించినదియు ఈ వ్యాసమున పొందుపఱచుచున్నాము.

పూర్వకథ

ఇంట కూర్చుండి నాటకమును అనుభవింపవలెనను కోరిక నేటిది కాదు. 1881వ సంవత్సరమున పారిసు నగరములో జరిగిన విద్యుత్ప్రదర్శనమున క్లెమాన్ ఆదేరు అను శాస్త్రజ్ఞుడు ఒక వింత చూపెను. అతడు అచ్చటి ఒపేరా రంగస్థలముయొక్క ముందుభాగమున ధ్వనిని గ్రహించు యంత్రములను అమర్చి, వానిని తీగలమూలమున రెండు కిలోమీటర్లకు పైగా దూరమందున్న ప్రదర్శనశాలకు కలిపెను. వినువారు రెండు చెవులకును రెండు వినెడు యంత్రములు పెట్టుకొనిరి. ఎడమప్రక్క యంత్రము ఒక చెవికిని, కుడిప్రక్క యంత్రము ఒక చెవికిని పలుకుటచే, పాడువాడు రంగముమీద ఇటునుండి అటు నడచుట సయితము వారికి తెలిసినదట. ఈ సాధనమునకు థియేట్రోఫోను అని పేరు. 1890 మొదలు 1932 వఱకు పారిసులో ఇది వ్యాపారముగా నడచెను. హోటళ్లలో ఉంచిన పెట్టెలలో యాభై సాంటీములు వేసినచో ఐదు నిమిషములు నాటకశాలనుండి పాట వినవచ్చును. ఇంటికి చందా కట్టుకొన్నవారును కలరు.

తరువాత రేడియో వచ్చెను. 1931 డిసెంబరు 25వ తేదీన, క్రిస్మసునాడు, న్యూయార్కు మెట్రోపాలిటన్ ఒపేరావారు ‘హాన్సెల్, గ్రెటెల్’ అను గేయనాటకమును రంగస్థలమునుండియే ప్రసారము చేసిరి. మన దేశమున 1938లో మదరాసు రేడియో కేంద్రమును, 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రమును ఆరంభమయ్యెను. రేడియో నాటకమనగా తెలుగువారు చెవి కోసుకొను దినములుండెను. రేడియో ఉన్న యింటి అరుగుమీద వీథివారందఱును గుమిగూడి వినుట మా పెద్దలు చెప్పగా వింటిమి.

చెవికి దక్కినది కంటికి దక్కుటకు మఱికొంత కాలము పట్టెను. 2006 డిసెంబరు 30వ తేదీన మెట్రోపాలిటన్ ఒపేరావారు మోట్సార్టు రచించిన ‘మాయావేణువు’ను ఆడుచున్న సమయముననే దూరపు సినిమాశాలలకు అందఁజేసిరి. 2009 జూనులో లండను నేషనల్ థియేటరువారు ‘ఫేద్ర్’ నాటకమును అట్లే పంపిరి. బెర్లిను ఫిల్హార్మోనిక్ వాద్యబృందమువారు తమ కచేరీలను చందాదారుల యిండ్లకు అంతర్జాలముమీద పంపు ఏర్పాటును అంతకు కొంచెము ముందుగనే చేసికొనిరి.

మూతపడిన తలుపులు

ఇట్లు మెల్లగా నడచుచున్న పని 2020వ సంవత్సరమున ఒక్కమాఱుగా పరుగెత్తెను. కరోనా వ్యాధివలన మార్చి 12వ తేదీన న్యూయార్కు బ్రాడ్వే నాటకశాలలును, 16వ తేదీన లండను నాటకశాలలును మూతపడెను. ఆ మార్చి 12వ తేదీననే బెర్లిను బృందమువారు సర్ సైమన్ రాటిల్ ఆధ్వర్యవమున ఒక్క శ్రోతయు లేని శాలలో వాయించి, ఆ కచేరీని ఇండ్లకు పంపిరి. మెట్రోపాలిటన్ ఒపేరావారు 16వ తేదీనుండి రాత్రికొక గేయనాటకమును ఉచితముగా చూపిరి. నేషనల్ థియేటరువారు ఏప్రిలు 2వ తేదీ మొదలుకొని గురువారము గురువారమునకు ఒక నాటకమును వారముపాటు తెఱచి యుంచిరి. మన ప్రక్కనున్న చెన్నపట్టణములో ఆ సంవత్సరపు మార్గశీర్ష సంగీతోత్సవములు సయితము చాలవఱకు అంతర్జాలమున జరిగినవి.

నాటకశాలలు తెగులువలన మూతపడుట ఇదియే మొదటిసారి కాదు. 1592 మొదలు 1594 వఱకు లండనులో ప్లేగు చెలరేగి నాటకశాలలు చాలకాలము మూసియుండెను. అప్పుడే షేక్స్పియరు ‘వీనస్, అడోనిస్’ అను కావ్యమును 1593లోను, ‘లుక్రీసు’ అను కావ్యమును 1594లోను అచ్చొత్తించెను. జనులు కవియొద్దకు రాలేని కాలమున కవి అచ్చుకాగితముమీద వారి యిండ్లకు పోయెనన్నమాట. నాడు అచ్చుయంత్రము చేసిన పనిని 2020లో అంతర్జాలము చేసెను.

నాటకము మన యింటికి వచ్చు త్రోవ

ఇది ఎట్లు జరుగుచున్నదో విద్యార్థులు తెలిసికొనదగును. నాటకశాలలో పలుచోట్ల కెమేరాలు నిలుపుదురు. ఒకటి రంగమంతయు చూపును. ఒకటి నటుని ముఖమును చూపును. ఇంకొకటి ప్రక్కనుండి చూపును. వేఱొక గదిలో కూర్చున్న దర్శకుడు ఏ క్షణమున ఏ కెమేరా చూపు మనకు పంపవలెనో నిర్ణయించును. అటుపిమ్మట ఆ చిత్రమును ధ్వనిని అంకెలుగా మార్చి, కొన్ని సెకనుల నిడివిగల తునుకలుగా కోసి, ఒక్కొక్క తునుకను సన్నని రకము, ముతక రకము అని పలురీతుల సిద్ధపఱతురు. మన ఫోను తనకు అందుచున్న వేగమునుబట్టి తగిన రకమును అడిగి తెచ్చుకొనును. కొన్ని తునుకలను ముందుగా నిలువ చేసికొనును. కుళాయిలో నీరు సన్నగిల్లినను తొట్టిలో నీరున్నంతవఱకు పని ఆగనట్లే, ఆ నిలువ యున్నంతవఱకు బొమ్మ ఆగదు. తొట్టి వట్టిపోయినప్పుడే తెరమీద చక్రము గిరగిర తిరుగును.

ఒక లెక్క చేయుదము. సెకనుకు 20 లక్షల బిట్ల చొప్పున మూడు గంటల నాటకము వచ్చినదనుకొందము. మూడు గంటలకు 10,800 సెకనులు. రెంటిని గుణింపగా 2,160 కోట్ల బిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక 270 కోట్ల బైట్లు, అనగా 2.7 గిగాబైట్లు. నాటకమునకు కూర్చుండుటకు ముందు ఫోనులో ఇంత మిగిలియున్నదా లేదా అని చూచుకొనుట మంచిది. మేము మొదటి పర్యాయము ఇది చూచుకొనక, న్యాయసభలో పోర్షియా నోరు తెఱచునంతలో చక్రమును చూచుచు పావుగంట కూర్చుంటిమి.

కాలమును గూర్చియు ఒక మాట. లండనులో రాత్రి ఏడున్నరకు తెర లేచినచో మనకు వేసవిలో అర్ధరాత్రి పండ్రెండు, చలికాలమున ఒంటిగంట యగును. కావున ఆ క్షణముననే చూచుటకంటె, నిలువచేసినదానిని సాయంకాలము చూచుట పిల్లలకు మేలు. మఱియు ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. నాటకశాలలో 34 మీటర్ల వెనుక కూర్చున్నవానికి నటుని మాట సెకనులో పదియవ వంతు ఆలస్యముగా వినబడును. నాటి థియేట్రోఫోనులో మాట అంతకంటె ముందే చేరెడిది. నేటి అంతర్జాలములోనో, తునుకలు కోసి నిలువచేయుటవలన, ‘ఇప్పుడే’ జరుగుచున్నదనునది కొన్ని సెకనులు, ఒక్కొక్కప్పుడు అర నిమిషము, గడచిన తరువాత మనకు చేరును. ఈ అర నిమిషమును చదువరులు జ్ఞాపకముంచుకొన గోరుచున్నాము. దీని సంగతి మరల వచ్చును.

లాభములు

ఇందువలని లాభములు చిన్నవి కావు. గ్లోబు నాటకమున షైలాకు వేషమును జోనథాన్ ప్రైసు అను నటుడును, అతని కూతురైన జెస్సికా వేషమును అతని స్వంత కుమార్తెయే అయిన ఫీబీ ప్రైసును ధరించిరి. కూతురు ఇల్లు విడిచిపోయిన తండ్రి ముఖము తెరమీద మా పిల్లలకు మూరెడు దూరమున కనబడెను. షైలాకు క్రైస్తవుడు కావలెనని న్యాయసభ విధించిన మాటను మేము తరగతిలో ఒక్క పంక్తిగా చదివి దాటిపోయితిమి. ఈ ప్రదర్శనమున చివర ఆ బలవంతపు బాప్తిస్మమును రంగముమీద చూపిరి. అది చూచునప్పుడు గదిలో ఎవరును దగ్గలేదు. చదివినప్పుడు తోచని ప్రశ్న చూచినప్పుడు తోచినది. ఆ తరువాతి వారము పాఠమంతయు ఆ ఒక్క పంక్తిమీదనే నడచెను.

మఱియు దూరదేశములకు పోలేని బీదవారికిని, మెట్లెక్కలేని వృద్ధులకును, చెవి వినబడనివారికిని తెరక్రింది అక్షరములవలన, ఇది గొప్ప ఉపకారము. అమెరికాలోని తెలుగు కుటుంబములు తిరువయ్యూరులో త్యాగరాజస్వామి ఆరాధనమునాడు పాడు పంచరత్నములను ఇంటినుండియే విని, తామును గొంతు కలుపుచున్నారు. ఆ యైదింటిలో నాలుగు తెలుగు కృతులే గదా!

కొఱతలు

అయినను కొఱతలు కలవు. మొదటిది, మన కంటికి స్వేచ్ఛ లేదు. నాటకశాలలో కూర్చున్నవాడు మాటలాడువానిని విడిచి, మూల మౌనముగా నిలిచినవానిని చూడవచ్చును. తెరమీద దర్శకుడు చూపినదే మనము చూడవలెను. రెండవది, దగ్గఱి చూపువలన కొన్ని అందములు చెడును. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున ‘కీచకవధ’తో ఆరంభమైన సురభి నాటకసమాజమువారు మాయాబజారు మొదలగు నాటకములలో చూపు వింతలు వరుసలలో కూర్చున్నవారికి మాయగా తోచును. అదే వింతను కెమేరా ముక్కుదగ్గఱకు తెచ్చినచో దారము కనబడవచ్చును.

మూడవది అన్నిటికంటె పెద్దది. నాటకమునందు రాకపోకలు రెండును కలవు. మాట రంగమునుండి మనకు వచ్చును. మన నిట్టూర్పు, నవ్వు, మౌనము తిరిగి రంగమునకు పోవును. మన పద్యనాటకములలో ‘వన్సుమోర్’ అను కేక లేచినప్పుడు చచ్చి పడియున్న పాత్ర లేచి మరల పద్యము పాడిన కథలు తాతలు చెప్పుచుందురు. అది హాస్యమునకు చెప్పుకొన్నను, ప్రేక్షకుడు నాటకమున పాలివాడనుటకు అది సాక్ష్యము. 1997లో తెఱచిన నేటి గ్లోబు శాలను, 1599 నాటి పాతశాలవలెనే, నడుమ ఆకాశము కనబడునట్లు కట్టిరి. అందు జనులు రంగముచుట్టు నిలిచియుందురు. నటులు వారిని చూచుచునే మాటలాడుదురు. మా తెరలో మేము ఆ జనులను చూచితిమి. వారు నవ్వగా మేమును నవ్వితిమి. అయితే మా నవ్వు ఆ నటులకు చేరలేదు.

చూచు విధము

కావున ఇంట నాటకము చూడగోరువారికి మేము నేర్చుకొన్నవి కొన్ని చెప్పుదుము. కథను ముందుగా తెలిసికొనవలెను. నాటకశాలకు పోయినట్లే వేళ కుదుర్చుకొని, భోజనము ముగించి, దీపములు తగ్గించి కూర్చుండవలెను. నడుమ ఆపి వేఱుపని చూచుకొనరాదు. విరామము వచ్చినప్పుడే లేవవలెను. ఒంటరిగాకాక ఇద్దఱు ముగ్గురైనను కలిసి చూడవలెను. ముగిసిన వెంటనే నిద్రకు పోక, ఎవరికేది నచ్చెనో, ఏది తెలియలేదో చెప్పుకొనవలెను. చిన్న ఫోనులో చూచువారు శబ్దమునైనను మంచి సాధనముతో వినవలెను. ఏలయన నాటకమునకు మాటయే ప్రాణము.

మఱియొకటి. టికెట్టు పెట్టినచోట టికెట్టు కొనవలెను. నాటకమును దొంగతనముగా ఫోనులోనికి ఎక్కించి పదిమందికి పంచిపెట్టుట తప్పు. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1994లో చేసిన సవరణవలన నటులకును గాయకులకును తమ ప్రదర్శనముమీద హక్కు ఏర్పడినది. చట్టమటుంచి, నాటకశాలలు మూతపడిన దినములలో ఎందఱు నటుల పొయ్యిలు ఆరియుండెనో తలచుకొన్నవారు ఈ పని చేయరు. దీపము త్రిప్పువానికి, రంగు పూయువానికి, హార్మోనియము వాయించువానికి ఆ టికెట్టు రూపాయలే అన్నము.

మా వార్షికోత్సవము

ఇన్నియు విచారించిన పిమ్మట, మా పాఠశాల నాటకమును మానరాదని ఉపాధ్యాయుల సమావేశమున నిర్ణయమయ్యెను. అభ్యాసమును మాత్రము సాయంకాలము ఒక్క గంటకు తగ్గించితిమి. ‘సత్యహరిశ్చంద్ర’ నాటకమునుండి కాటి రంగమును ఎన్నుకొంటిమి. తెరమీద చూపిన చాలదా యని అడిగిన బాలునికే హరిశ్చంద్ర వేషము వచ్చెను.

మా పాఠశాలలో చిరకాలము తెలుగు బోధించి విశ్రాంతి తీసికొనిన పండితులవారొకరు కలరు. పూర్వము వార్షికోత్సవ నాటకములన్నియు వారే నేర్పెడివారు. ఇప్పుడు వారు మంచము దిగలేరు. వారికొఱకై మేము సభాభవనమున ఒక ఫోనును కఱ్ఱకు కట్టి, నాటకము వారి యింట కనబడునట్లు చేసితిమి.

ఆ రాత్రి నాటకము చక్కగా నడచుచుండెను. నడుమ ఒక పద్యమున రెండవ పాదము మా హరిశ్చంద్రునికి తట్టలేదు. వాడు నోరు తెఱచి నిలువబడెను. తెరవెనుక అందించువాడు పుస్తకమున పుట తప్పి తికమకపడుచుండెను. సభ అంతయు ఊపిరి బిగబట్టెను. అంతలో మూడవ వరుసనుండి ఎవరో పెద్దవారు ఆ పాదమును మెల్లగా ఎత్తి యిచ్చిరి. బాలుడు అందుకొని పాడెను. అట్టి చప్పట్లను మా సభాభవనము ఆ సాయంకాలమంతయు వినలేదు.

మఱునాడు మేము పండితులవారి యింటికి పోగా అమ్మగారు ఇట్లు చెప్పిరి: “నాయనలారా, రాత్రి పిల్లవాడు ఆగిపోగానే వీరు మంచముమీద లేచి కూర్చుండి ఆ పాదమును గట్టిగా చదివినారు. ‘వానికి వినబడలేదే, వినబడలేదే’ అని మరల మరల చదివినారు.” లెక్కకు చూడగా, వారి తెరమీద బాలుడు ఆగునప్పటికి ఇచ్చట వాడు పద్యము ముగించియే యుండెను. మేము ముందు చెప్పిన అర నిమిషము ఇదియే.

పండితులవారు మాత్రము నవ్వి, “చూచుట చూచితిని, అదియే చాలును. ఈ మంచముమీదనుండి మన పిల్లల నాటకమును చూతునని నేననుకొనలేదు” అనిరి.

ఆ తరువాతి ఆదివారము సాయంకాలము హరిశ్చంద్రుడు, చంద్రమతి, హార్మోనియము వాయించువాడు మఱి నలుగురు పిల్లలు ఎవరును చెప్పకయే వారి యింటికి పోయి, మంచము ప్రక్క చోటుచేసికొని ఆ రంగమును ఆడిరి. ముఖములకు రంగు లేదు, తెర లేదు. ఆ పద్యము వచ్చినప్పుడు బాలుడు తెలిసియే మొదటి పాదముతో ఆగెను. పండితులవారు రెండవ పాదము అందించిరి. వాడు అందుకొనెను.

మొదట ప్రశ్న అడిగిన బాలికకు మా సమాధానమిది: అమ్మా, మనము చూచినది నాటకమే, కాని సగము నాటకము. ఆ సగమైనను చేరని యిండ్లకు అది గొప్ప వరము. దానిని శ్రద్ధతో అందుకొందము. రెండవ సగము మనము అచ్చటికి పోయినప్పుడే కలుగును. పోగలిగినవారు పోవుదురు గాక. పోలేనివారి యొద్దకు మనమే పోవుదము గాక.